నాన్న వేయనన్న సముద్రం

పుచ్చిపోయిన పన్నుకి సిమెంటు పెట్టించుకుందామని మొన్న జూబ్లీహిల్స్‌లో ఓ దంతవైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఈ కాలం డాక్టర్లు రోగికి విసుగు పుట్టకుండా పైకప్పుకే టీవీ బిగిస్తున్నారు. వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని, చేసేదేం లేక దాన్నే చూస్తున్నాను. ఏదో దేశం. పొడుగాటి పచ్చని కట్ట, దానిమీద గొర్రెలు, కట్ట వెనక రెల్లు కప్పిన ఎర్ర ఇటుకల ఇళ్లు. కట్టకి అవతల కనుచూపు మేర బురద. జర్మనీ ఉత్తరపు తీరంలో సముద్రం రోజుకి రెండుసార్లు వెనక్కి పోయి మళ్లీ వస్తుందని ఓ గొంతు చెబుతోంది. "నాకు తెలుసు" అనబోయాను. నోట్లో దూదీ గొట్టాలూ ఉండటంతో అది మూలుగులా వినిపించింది.

"నొప్పిగా ఉందాండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

తల అడ్డంగా ఊపాను. నొప్పి కాదు తల్లీ, ఆ బురద మా నాన్న వేశాడు. అందులో కాస్త సముద్రం నేను వేశాను. పుట్టి బుద్ధెరిగాక నేను జర్మనీ గడప తొక్కలేదు, అయినా ఆ కట్ట ఏ పక్క ఏటవాలుగా ఉంటుందో, ఎందుకు ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇదంతా మామూలుగా చెప్పాలన్నా కష్టం, ఇక దూది కుక్కిన నోటితో ఏం చెబుతాం.

మా నాన్న సినిమాలకి తెరలు వేసేవాడు. హాల్లో బొమ్మ పడే తెర కాదు. హీరోయిన్ కిటికీ తీస్తే అవతల కనిపించే ఊరు, జమీందారు మేడ వెనక కొండలు, సాయంత్రపు ఆకాశం, ఇవన్నీ గుడ్డమీద వేసి సెట్టు వెనక కట్టేవారు. ఒక్కో గుడ్డ మేమున్న ఇల్లు మొత్తానికి చుట్టబెట్టినా ఇంకా మిగిలేంత ఉండేది. ఫిలింనగర్‌లో అప్పటికి ఇళ్లకంటే బండలే ఎక్కువ. ఆ బండల మధ్య రేకుల షెడ్డులో నాన్న పని. బడి లేని రోజు మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని నేనే వెళ్లేదాన్ని. దారిలో బండల సందుల్లో సీతాఫలాలు కాసేవి. పచ్చికాయలు తెంపి మా గుడ్డల షెల్ఫులో దాచి, మర్చిపోయి, అవి పండి కారి పండక్కి కొన్న గౌను పాడయ్యాక వీపు విమానం మోత మోగించుకోవడం నాకు మామూలే.

షెడ్డు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. రంగుపొడి గుడ్డకి పట్టుకోవడానికి జిగురు కాచేవారు. చచ్చిన ఎలకా, ఉడికిన చర్మమూ కలిసినట్టుండేది ఆ కంపు. సాయంత్రం నాన్న వీధి గుమ్మంలోకి రాగానే అమ్మ వేణ్ణీళ్ల బకెట్టు ఎదురు పెట్టేది.

"ముందు ఆ చొక్కా విప్పండి. అన్నంలో ఇంగువేసినా మీ జిగురే కొడుతోంది" అనేది.

నాన్న వేయలేని బొమ్మ లేదని స్టూడియోలో అనుకునేవారు. ఒక్కటి తప్ప. సముద్రం పని వస్తే మాత్రం "అది నా చేతికి రాదండీ" అని పక్కవాళ్లకి ఇప్పించేసేవాడు. చాలామంది అది వినయమనుకున్నారు. కాదు. మాది కృష్ణ సముద్రంలో కలిసే చోట ఓ చిన్న ఊరు. నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడు ఉప్పెన వచ్చి ఇల్లూ, గొడ్డూ గోదా, వాటితోపాటు నాన్న ఆఖరి చెల్లెల్నీ పట్టుకుపోయింది. ఆ రోజు నాన్న అమ్మని చూడటానికి అత్తారింటికి వెళ్లి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఊరు లేదు. ఆ తర్వాత హైదరాబాదు వచ్చేశారు. మా ఇంట్లో ఉప్పెన మాటా, ఆ మేనత్త మాటా ఎవరూ ఎత్తేవారు కాదు. నాకు ఈ మాత్రమైనా తెలిసిందంటే, పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే నిద్రపోతున్నట్టు నటించే విద్య నాకు బాగా వచ్చు కాబట్టి.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా స్టూడియోవాళ్లు తెరల కోసం కొత్త షెడ్డు కట్టారు. దానికి పెద్ద మాస్టారిగా ఎవరిని పెట్టాలన్న మాట వచ్చింది. అప్పుడే ఓ సినిమాకి జర్మనీలో పుట్టి పెరిగిన కథానాయిక, ఆవిడ ఊళ్లో ఓ పాట. అంతదూరం వెళ్లి తీసే స్తోమత లేక ఆ ఊరినే ఇక్కడ వేయించాలనుకున్నారు. ఆర్ట్ డైరెక్టర్ గారు నాన్నని పిలిచి, ఈ తెర నిలబడితే షెడ్డు నీదేనన్నారు. నిలబడకపోతే మద్రాసు నుంచి ఓ మాస్టారు తన మనుషులతో సహా దిగుతాడు. నాన్నకి అప్పుడు మిగిలేది విజయవాడలో మా మేనమామ బోర్డులు రాసే కొట్టు.

ప్రొడక్షన్ మేనేజర్ తెచ్చిచ్చిన ఫొటోలు మూడు. నాన్న వాటిని ఇంటికి తెచ్చి చాపమీద పరిచాడు. కట్ట, గొర్రెలు, మిట్టలమీద ఇళ్లు, బురద. ఎక్కడా చుక్క నీళ్లు లేవు.

"ఏదో ఎండిన చెరువులా ఉంది. హమ్మయ్య, సముద్రం లేదు" అన్నాడు అమ్మతో. చాలా రోజుల తర్వాత ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

అలాంటి ఫొటో నేను అంతకుముందు చూశాను. మా ఇంటి ఓనరమ్మ గోడమీద.

యూసుఫ్‌గూడలో మేము ఆవిడ ఇంటి వెనక వాటాలో కిరాయికుండేవాళ్లం. బస్తీ అంతా ఆవిడని సిస్టరమ్మ అనేవారు. చిన్నప్పుడే నర్సు పని నేర్చుకుని, పెళ్లి మాట ఎత్తనివ్వకుండా జర్మనీ వెళ్లి, పన్నెండేళ్లు ఓ పల్లెటూరి ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది. ఏనాడూ గొప్పలు చెప్పుకునేది కాదు. సర్వపిండి కాల్చి, వేడివేడిది ఆకులో పెట్టి, పిట్టగోడ మీదుగా నాకు అందించేది. నాన్న తెచ్చిన ఫొటోల్లో ఒకటి పట్టుకుని వాళ్లింటికి పరిగెత్తాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, ఉన్నపళంగా కుర్చీలో కూలబడింది.

"గిది నీకెక్కడిది బిడ్డా? మా దవాఖాన గా కట్ట వెనకాలనే ఉండె. మీ నాయన్ని, అమ్మను తోలుకరా. చాయ్ పెడ్త."

ఆ చాయ్ మామూలు చాయ్ కాదు. ట్రంకుపెట్టె అడుగునుంచి పల్చటి పింగాణీ కప్పులు తీసింది. ఒక్కో కప్పులో ఓ పటికబెల్లం ముక్క వేసి పైనుంచి వేడి డికాషన్ పోస్తే అది చిటపటమంది. తర్వాత చెంచాతో మీగడ అంచుమీదుగా జార్చింది. నేను చెంచా పెట్టి తిప్పబోతే చేయి పట్టుకుంది.

"కలపొద్దు. ముంగట మీగడ, నడుమ చేదు, ఆఖర్న తీపి. గాడ గట్లనే తాగుతరు."

అమ్మ ఒక కప్పు తాగి, మర్యాదగా "చాలండీ" అంది. సిస్టరమ్మ మళ్లీ పోసింది. అమ్మ మళ్లీ చాలంది. మళ్లీ పోసింది. పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అమ్మ ఐదు కప్పులు తాగి చెమటలు కక్కుతుంటే అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి.

"అయ్యో, చెప్పనే లేదు చెల్లె! నోటితోని వద్దంటే గాడ లెక్కల రాదు. చెంచా కప్పుల పెడితేనే ఆపుతరు. పాత అలవాటు, చెయ్యి ఆగలె."

అమ్మ ఆ కంగారులో రెండు చెంచాలు పెట్టింది కప్పులో. నేను నవ్వాపుకోలేక మీగడ ముక్కులోంచి తెచ్చుకున్నాను.

నాన్న మాత్రం ఫొటోమీదనుంచి చూపు తిప్పలేదు. "ఇది చెరువాండీ?" అని అడిగాడు.

"చెరువేంది తమ్మీ, సముద్రం. ఆరేడు గంటలు పోతది, ఆరేడు గంటలు వస్తది. పోయినప్పుడు గీ బురదల జనం ఉత్త కాళ్లతోని నడుస్తరు, మైళ్లకు మైళ్లు. పిల్లలకైతే పండుగే."

"అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. వీళ్లు పనిగట్టుకుని తొక్కుతారా?" అంది అమ్మ.

"తొక్కుతరు. గంట చూసుకోని మర్లాలె. నీళ్లు ముంగటి నుంచి రావు. ముందుగాల కాల్వల్లకెళ్లి చప్పుడు లేకుండ వస్తయ్. ఎనుక నుంచి చుట్టుకుంటయ్. తెల్వనోడు గాడనే ఉండిపోతడు."

ఆ ఇళ్లు మిట్టలమీద ఎందుకున్నాయో చెప్పింది. కట్టలు లేని రోజుల్లో తాతల ముత్తాతలు బుట్టలతో మట్టీ పేడా మోసి, దిబ్బలు పోసి, వాటిమీద కట్టుకున్నారట. కట్టమీద గొర్రెలు అందానికి కాదట, అవి తొక్కితే మట్టి గట్టిపడుతుందని. సముద్రం వైపు ఏటవాలుగా వదిలేది అలలు పాకి పాకి అలిసిపోవాలనట. అక్కడి ఆడవాళ్లు వేలి గోరంత రొయ్యలు ముందేసుకుని ఊసులాడుతూ ఒలుస్తారని చెబితే అమ్మ మొహం వెలిగింది. హైదరాబాదు వచ్చాక మంచి రొయ్యపొట్టు కోసం మొహం వాచిపోయిన మనిషి.

నాన్న నెమ్మదిగా అడిగాడు. "అక్కడ ఉప్పెన వస్తుందాండీ?"

"రాకేంది? ఊర్లకు ఊర్లు పోయినయ్ ఎనుకట. నేను చూడంగ గూడ ఓసారి కట్ట తెగేటట్టయింది."

"మరి అక్కడే ఎందుకుంటారు?"

"ఏడికి పోతరు? గాళ్ల ఊరు గది. ఎనుకట ఇంటింటికి కట్టల ఓ ముక్క వంతుండెనట. తెగితే ఆళ్లే పోసుకోవాలె. నాతోని గాదు అన్నోడు కట్టల పార గుచ్చి ఎల్లిపోవాలె. గా పార పీకినోనికే పొలం, ఇల్లు అన్నీ దక్కుతయ్. కట్ట బరువు గూడ ఆనిదే."

నాన్న కప్పు కింద పెట్టాడు. "నేను పార గుచ్చి వచ్చేసినవాణ్ణండీ" అన్నాడు. ఆ మాట వినగానే అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

అప్పటినుంచి నాన్న రోజూ ఓ కాగితంమీద బొమ్మ గీసి సిస్టరమ్మకి చూపించి దిద్దించుకునేవాడు. ఓసారి నాన్న దగ్గర పనిచేసే ఆయన రంగు వేసి ఇచ్చిన కాగితంలో ఇంటి వెనక చక్కటి కొబ్బరిచెట్టు ఉంది. ఇరవై ఏళ్లుగా ఏ తీరం వేసినా కొబ్బరిచెట్టు వేసిన చెయ్యి, తనకి తెలియకుండానే వేసేసింది.

"గా చలికి కొబ్బరిచెట్టా? దానికి గూడ ఓ స్వెటర్ కుట్టియ్యిండ్రి" అంది సిస్టరమ్మ.

తెర తయారైంది. బూడిదరంగు ఆకాశం, కట్ట, గొర్రెలు, మిట్టలమీద ఎర్రటి ఇళ్లు, ముందంతా బురద. నాన్న ఆ బురద వేసిన తీరు చూస్తే చెప్పులు విప్పి దిగాలనిపించేది. పురుగులు తవ్విపోసిన చిన్న చిన్న కుప్పలు కూడా వేశాడు. నీళ్లు మాత్రం ఎక్కడా లేవు. మేనేజర్ వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"సముద్రమేది మాస్టారూ? సముద్రపుటొడ్డు పాట కదా ఇది? ఈ బురద చూపించి జర్మనీ అంటే జనం కుర్చీలిరగ్గొడతారు!"

"అక్కడ ఇలాగే ఉంటుందండీ."

"అక్కడ ఉంటుందేమో, మన పాటలో ఉండకూడదు. సోమవారం పొద్దున ఆర్ట్ డైరెక్టర్ గారొస్తారు. అప్పటికి నీళ్లు పడాలి. మీవల్ల కాదంటే చెప్పండి, మద్రాసుకి ఫోన్ చేస్తాను."

శనివారం సాయంత్రం నాన్న ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పలేదు. "బావకి ఉత్తరం రాయి. విజయవాడ వెళ్లిపోదాం" అన్నాడు. అమ్మ వేణ్ణీళ్ల బకెట్టు లోపలికి తీసుకుపోయింది. నేను నిద్రపోతున్నట్టు నటించలేకపోయాను, దుప్పట్లో ఏడ్చాను. నాకు విజయవాడంటే కోపం లేదు. మా నాన్న ఓడిపోయి వెళ్లడమే నాకు నచ్చలేదు.

ఆదివారం మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని షెడ్డుకి వెళ్లాను. ఎవరూ లేరు. షెడ్డు వెనకాల నాన్న గిన్నెలు కడిగి సామాను సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆకాశం కోసం కలిపిన నీలం ఓ బకెట్టులో సగం మిగిలి ఉంది. నాకు తోచింది ఒక్కటే. నీళ్లు పడితే చాలు, ఎవరు పోస్తేనేం? కర్రకి కట్టిన పెద్ద బ్రష్షు ఎత్తలేక, చిన్నదొకటి దొరకబుచ్చుకుని బురదమీద వేయడం మొదలుపెట్టాను. నా చెయ్యి అందినంత ఎత్తు, బకెట్టు అయిపోయేంత పొడుగు. బళ్లో డ్రాయింగ్ టీచర్ నేర్పినట్టు మూడంకెలు పడుకోబెట్టి అలలు కూడా వేశాను. ఒక అలమీద చేప వేద్దామా అని ఆలోచిస్తుండగా వెనక అలికిడైంది.

నాన్న నిలబడి ఉన్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నేను చేసిన పని. నెలరోజుల బురద నాశనం.

"నువ్వు వేయకపోతే మనల్ని పంపించేస్తారంటగా నాన్నా" అన్నాను.

నాన్న తిట్టలేదు. దగ్గరికి వచ్చి ఆ నీలాన్ని వేలితో ముట్టుకున్నాడు. కింద ఆరిన బురద రంగు తడికి కరిగి నా నీలంలో కలిసిపోయింది. నీలం నీలంగా లేదు, మట్టి తాగిన నీళ్ల రంగుకి తిరిగింది. దానికేసి చూస్తూ అలాగే నేలమీద చతికిలబడ్డాడు.

"ఇది మా ఏటి మొగ రంగు. కృష్ణ సముద్రంలో కలిసేచోట నీళ్లు ఇలాగే ఉంటాయి" అన్నాడు. వేలికంటిన రంగు పంచెకి తుడుచుకున్నాడు. "నాకు భయమమ్మా. సముద్రం వేయడం రాక కాదు. వేస్తే అందులో మా చెల్లిని వెతుక్కుంటూ కూచుంటానని భయం."

మా నాన్న కంటతడి చూడటం అదే మొదలు. నాకేం చెయ్యాలో తెలియక ఆయన తలమీద చెయ్యి వేశాను. ఆ చేతికున్న నీలమంతా ఆయన జుట్టుకి అంటింది.

ఆయన లేచి పంచె ఎగగట్టాడు. "సిస్టరమ్మ ఏమంది? నీళ్లు ముందు ఎక్కడికొస్తాయంది?"

"కాలవల్లోకి."

"అయితే బకెట్టు కడిగి తే."

సాయంత్రం వరకూ వేశాడు. నా మూడంకెలు చెరిపేశాడు కానీ నేను పోసిన నీళ్లు చెరపలేదు. వాటిలోంచే సన్నటి కాలవలు తీశాడు. బురదలో అవి మెరుస్తూ, మెలికలు తిరుగుతూ, ఇళ్లకేసి పోతున్నాయి. వేస్తున్నంతసేపూ అత్త గురించి చెప్పాడు. ఉప్పుచేప కాల్చిన వాసనొస్తే వంటింట్లోంచి కదిలేది కాదట. పీతని పట్టి బడి పంతులుగారి సంచిలో వేసిందట. నాన్న వేసిన మొట్టమొదటి బొమ్మ ఆ చెల్లెలిదేనట, గోడమీద బొగ్గుతో. నాకు ఒక్కరోజులో ఓ మేనత్త పుట్టింది. క్యారియర్‌లో అన్నం ఎండిపోయింది, ఇద్దరమూ అలాగే తిన్నాం.

సోమవారం పొద్దున సిస్టరమ్మ ఆదివారాలు చర్చికి వెళ్లేవాళ్లకన్నా నీటుగా చీర కట్టుకుని మాతో వచ్చింది. ఆర్ట్ డైరెక్టర్ గారు తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కన మేనేజర్ సణుగుతున్నాడు.

"ఇదేంటి మాస్టారూ, సగం బురద, సగం నీళ్లు? నిండుగా ఉండొద్దూ?"

నాన్న జవాబు చెప్పేలోపు సిస్టరమ్మ నా చేయి పట్టుకుని తెర దగ్గరికి నడిచింది. పైనుంచి కిందకి చూసింది. ఇళ్లు చూసింది, గొర్రెలు చూసింది, కాలవల్లో మెరుపు చూసింది. ఉన్నట్టుండి నా చేయి గుంజి నాలుగడుగులు వెనక్కి లాగింది.

"జల్ది నడువు బిడ్డా! నీళ్లొస్తున్నయ్, కాల్వ నిండుతుంది!"

అందరూ ఆవిడకేసి తిరిగారు. అప్పుడు ఆవిడకే తెలివొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "పన్నెండేండ్లు గట్ల ఉరికిన. కాళ్లు మర్చిపోలె" అంది.

ఆర్ట్ డైరెక్టర్ గారు మేనేజర్ వైపు తిరిగారు. "గుడ్డని చూసి మనిషి పరిగెత్తింది. నీకింకేం నిండాలయ్యా?" అన్నారు. అంతే, షెడ్డు తాళాలు ఆ మధ్యాహ్నమే నాన్న చేతికొచ్చాయి.

సినిమాలో ఆ తెర కనిపించింది ఒక్క పాటలో, అదీ నాట్యమాడే పాతికమంది వెనక. సరిగ్గా నేను వేసిన చోటికి ముందు హీరోగారు నిలబడ్డారు, ఆయన బూట్ల వెనకే ఉంది నా సముద్రం. పాట అయ్యాక మామూలు ప్రకారం గుడ్డని ఉతికి ఆరేసి, దానిమీదే మరేదో మహలు వేశారు. ఆ రోజుల్లో ఏ బొమ్మకీ ఉతుకు వరకే ఆయుష్షు. ఇప్పుడు ఆ షెడ్డూ లేదు, జిగురు కాచేవాళ్లూ లేరు, కంప్యూటరు ముందు కూచున్న పిల్లలు క్షణంలో ఏ దేశాన్నైనా తెచ్చి నిలబెడుతున్నారు. నాకు బాధేం లేదు. వాళ్లలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి వేయడానికి భయపడుతూనే ఉంటారు, ఓ రోజు వేస్తారు.

నాన్న ఆ తర్వాత వేసిన సముద్రాలకి లెక్కలేదు. విశాఖ వేశాడు, గోవా వేశాడు, పురాణాల్లో పాలసముద్రమూ వేశాడు. ప్రతిదాంట్లోనూ ఓ మూల, కెమెరాకి అందని చోట, ఒడ్డుమీద వేలెడంత ఆడపిల్ల ఉండేది. అది నేనేనని చాలా ఏళ్లు మురిసిపోయాను. బళ్లో చెప్పుకుని గర్వపడ్డాను కూడా. కాస్త ఎదిగాక దగ్గరికెళ్లి చూశాను. ఆ పిల్లకి రెండు జడలు. పేలకి భయపడి మా అమ్మ నాకు పదో తరగతి దాకా క్రాపే చేయించింది.

అత్త ఫొటో ఒక్కటి కూడా ఉప్పెన మిగల్చలేదు. నాన్న ఆమెని ఎన్ని తెరలమీద వేశాడో, ఎన్నిసార్లు ఉతికేశారో నాకు తెలియదు. ప్రతిసారీ ఆ పిల్ల సముద్రానికి వీపు పెట్టి, ఇళ్లకేసి నడిచొస్తూ ఉండేది. ఒక్కసారి కూడా ఆమె పరికిణీ అంచు తడిసి లేదు.